బంతి విసరడం తర్వాతి సంగతి, ముందు చేతికి ముక్కు తగిలించడం నేర్పండి

కుక్కకు బంతి తెచ్చివ్వడం నేర్పాలని మొదలుపెట్టిన చాలా ఇళ్లలో కథ ఒకేలా నడుస్తుంది. మనం బంతి విసురుతాం, అది ఉత్సాహంగా పరుగెత్తి నోట కరుచుకుంటుంది, అక్కడితో ఆట అయిపోతుంది. సోఫా కిందకో మెట్ల మూలకో చేరి నములుతూ కూర్చుంటుంది. మనం దగ్గరకెళితే లేచి ఇంకో మూలకు పరుగు. చివరికి ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి చుట్టుముట్టి, దవడలు విడదీసి బంతి లాక్కుని, "దీనికి బుర్ర లేదురా" అని తేల్చేస్తారు. దాని బుర్ర బాగానే పనిచేసింది. బంతి నోట్లో ఉంటే ఇల్లంతా తన వెనకాల పరిగెడుతుందని, మన చేతికి చిక్కితే బంతి పోతుందని చక్కగా నేర్చేసుకుంది.

ఫెచ్‌లో, అంటే విసిరింది తెచ్చిచ్చే ఈ ఆటలో, పరుగెత్తడం ఎవరూ నేర్పక్కర్లేదు, కదిలేదాని వెంటపడటం చాలా కుక్కలకు పుట్టుకతో వచ్చేదే. నేర్పాల్సింది తిరిగి రావడం, వదలడం. ఈ రెండింటికీ పునాది ఒక చిన్న పని: మీ అరచేయి చాపితే అది వచ్చి ముక్కు తగిలించడం. దీన్నే టచ్ అంటారు, నోజ్ టచ్ అని కూడా అంటారు. ఎవరు అడిగినా ముందు ఇది నేర్పమనే చెబుతాను. ఎందుకంటే ఖాళీ నోటితో అరచేతి దగ్గరకు రావడం అలవాటైన కుక్కకు, బంతి నోట్లో ఉన్నప్పుడు కూడా అదే చేయి చూపిస్తే ఎక్కడికి రావాలో తెలిసిపోయి ఉంటుంది.

చేతిలో ఏం ఉండాలి

మొదటిది ట్రీట్, మెచ్చి ఇచ్చే తిండి ముక్క. ట్రీట్ అంటే షాపులో కొనే ఖరీదైన బిస్కెట్లే అక్కర్లేదు. ఉప్పు, కారం, మసాలా, ఉల్లిపాయ ఏవీ లేకుండా ఉడికించిన చికెన్‌ని చిన్న ముక్కలుగా తుంచి పెట్టుకోండి. శాకాహారం ఇల్లైతే పనీర్, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ పనికొస్తాయి, గుడ్డు తినే ఇంట్లో ఉడికిన గుడ్డు కూడా. ముక్క శనగగింజంత ఉంటే చాలు. పెద్ద ముక్క ఇస్తే నమలడానికే టైమ్ పోతుంది, పైగా పది ముక్కలకే కడుపు నిండిపోతుంది. రోజు మొత్తం తినే కేలరీల్లో ట్రీట్ల వాటా పది శాతం దాటకుండా చూసుకోండి, ట్రైనింగ్ ఎక్కువ చేసిన రోజు గిన్నెలో పెట్టేది కాస్త తగ్గించండి. తిండిపోతు లాబ్రడార్లకు అయితే రోజూ పెట్టే పెడిగ్రీ లాంటి కుక్కల ఆహారపు గింజలే ట్రీట్లుగా వాడుకోవచ్చు, వాటికి అదీ పండగే.

ఇవ్వకూడనివి గుర్తుపెట్టుకోండి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెర బదులు జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్ లాంటివి. ఇవన్నీ కుక్కలకు విషమే. కిస్‌మిస్ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు, ప్రసాదం పెట్టినప్పుడు కేసరిలోంచి నాలుగు కిస్‌మిస్‌లు దానికీ పెట్టేస్తుంటారు. ఉడికిన ఎముకలు కూడా వద్దు, అవి పుల్లల్లా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి.

ఇక రెండోది ఒక శబ్దం. కుక్క సరైన పని చేసిన క్షణానికీ, మన చేయి సంచిలోకి వెళ్లి ముక్క తీసి నోటికి అందించే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు పోతాయి. ఆలోగా అది తల తిప్పుకుంటుంది, కూర్చుంటుంది, మొరుగుతుంది. ముక్క దేనికొచ్చిందో దానికి అర్థం కాదు. అందుకని సరైన పని జరిగిన ఆ క్షణాన్నే గుర్తుపట్టేలా ఒక చిన్న శబ్దం వాడతాం. క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) దొరికితే సరే, లేకపోతే బాల్‌పెన్ టక్కున నొక్కినా చాలు, "యస్" అని పొట్టిగా అన్నా చాలు. 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు విన్యాసాలు నేర్పిన కారెన్ ప్రయర్ ఇందుకు విజిల్ వాడేది. డాల్ఫిన్‌కి గొలుసు వేయలేం, కొట్టబోతే ఈదుకుంటూ పోతుంది, కాబట్టి దానికి నచ్చేలా నేర్పడం తప్ప దారే లేదు. ఆ పద్ధతిని కుక్కల వాళ్లలోకి విస్తృతంగా తెచ్చినవాళ్లలో ఆవిడ ముఖ్యురాలు.

మొదటి రోజు కుక్కను ఏ పనీ అడగకండి. "యస్" అనండి, వెంటనే ముక్క ఇవ్వండి. ఇలా పది పదిహేను సార్లు. కాసేపటికి అది ఎటో చూస్తున్నప్పుడు "యస్" అంటే చటుక్కున మీ వైపు తిరుగుతుంది. అప్పుడు శబ్దం అర్థమైనట్టు. ఇక ఒకటే నియమం, "యస్" అన్నాక ముక్క ఇచ్చి తీరాలి, మీరు పొరపాటున అన్నా సరే.

టచ్

ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు చూసుకోండి. టీవీ ఆపండి, పిల్లల్ని కాసేపు పక్క గదిలో ఉండమనండి. భోజనానికి ముందు చేస్తే మంచిది, అప్పుడే ముక్క మీద ఆశ ఉంటుంది. ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు విడతలు. అరగంట గుక్కతిప్పుకోకుండా చేస్తే మీకూ విసుగు, దానికీ విసుగు.

ముక్కలు ఒక చేతిలో పట్టుకుని ఆ చేతిని వీపు వెనక్కి పెట్టండి. రెండో అరచేతిని ఖాళీగా, వేళ్లు కిందికి ఉండేలా, దాని ముక్కుకు పక్కగా ఒక మూడు నాలుగు అంగుళాల దూరంలో చూపండి. ముఖం మీదికి పెట్టొద్దు, పక్కగా. కుక్క స్వభావం కొద్దీ ఏంటా అని వాసన చూడటానికి ముందుకు వంగుతుంది. తడి ముక్కు చర్మానికి తగిలిన ఆ క్షణమే "యస్". చాపిన చేయి తీసేయండి, వెనక చేతిలోంచి ముక్క ఇవ్వండి. మళ్లీ చాపండి. ఇంతే అసలు పని. మొదట్లో నోటితో ఏ మాటా అనొద్దు, "టచ్ టచ్ టచ్, ఏయ్ టచ్ చెయ్యవే" అని పదిసార్లు అంటూ ఉంటే ఆ మాట ఫ్యాన్ చప్పుడులా చెవికి ఆనకుండా పోతుంది.

ముక్కు తగిలించకపోతే? ఐదు సెకన్లు చూసి చేయి తీసేయండి, కాస్త ఆగి ఇంకొంచెం దగ్గరగా చూపండి. అప్పటికీ రాకపోతే అరచేతికి చికెన్ ముక్క రుద్ది వాసన అంటించి రెండు మూడు సార్లు చేయండి, ఆ తర్వాత ఆ వాసన సాయం మానేయండి. నాకుతుంటే, పళ్లు తగిలిస్తుంటే మీ "యస్" ఆలస్యమవుతోందని అర్థం. ముక్కు తగలడానికి వెంట్రుకవాసి ముందే అనేయండి, నాకే టైమ్ ఉండదు. వెనక చేయి వైపే తిరిగి చూస్తుంటే ముక్కల్ని చేతిలో కాకుండా పక్కనున్న టేబుల్ మీద గిన్నెలో పెట్టుకోండి.

చేయి చాపగానే వెనక్కి తగ్గే కుక్కలు కొన్ని ఉంటాయి, ముఖ్యంగా వీధిలోంచి తెచ్చుకున్నవి. రాళ్లు తిన్నవి, కర్ర చూసినవి. ఇంట్లో పేపర్ చుట్టి కొట్టే అలవాటున్నా అంతే, కొట్టిన చేతికి ముక్కు తగిలించమంటే ఎందుకు తగిలిస్తుంది? అలాంటి దాని ముందు నిలబడి వంగకండి. నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడొద్దు, అరచేయి బదులు పిడికిలి కిందగా పెట్టండి. అదీ కష్టమైతే పెరుగు డబ్బా మూత ఒకటి నేలమీద పెట్టి దాన్ని వాసన చూస్తే "యస్" అనండి. మూత నుంచి మూత పట్టుకున్న చేతికి, అక్కడి నుంచి ఖాళీ చేతికి రావచ్చు. వారాలు పట్టినా ఫర్వాలేదు. నా అభిప్రాయంలో ఫెచ్ నేర్చుకోకపోయినా ఈ ఒక్కటి నేర్చుకుంటే అలాంటి కుక్క జీవితం మారిపోతుంది, ఎందుకంటే మనిషి చేయి దగ్గరకు వెళ్లాలా వద్దా అనేది మొదటిసారి తన ఇష్టం మీద ఉంటుంది.

పదిసార్లు చేయి చాపితే తొమ్మిదిసార్లు టక్కున తగిలిస్తోందనుకోండి, అప్పుడు మాట పెట్టండి. ముందు "టచ్" అనాలి, ఒక్క క్షణం ఆగి చేయి చాపాలి. రెండూ ఒకేసారి చేస్తే అది చేతినే చూస్తుంది, మాట వినదు. ఏ మాట పెట్టినా ఒకటే, "ముక్కు" అనండి, "అంటు" అనండి, కానీ ఇంట్లో అందరూ అదే అనాలి. నాన్న "దా", అమ్మ "ఇటు రారా", పిల్లలు "కమ్ హియర్" అంటే పాపం అది ఎన్నని గుర్తుపెట్టుకుంటుంది.

ఆ తర్వాత చేయి కుడికి, ఎడమకి, కాస్త కిందికి మార్చండి. ఒక అడుగు దూరం, తర్వాత మూడడుగులు, తర్వాత గది ఆ చివర నుంచి. దూరం పెంచినప్పుడు మిగతావి తేలిక చేయాలి: హాల్లో పది అడుగుల నుంచి వస్తోంది కదా అని వీధిలోకి తీసుకెళ్లి పది అడుగుల నుంచి అడిగితే రాదు. వీధిలో మళ్లీ అర అడుగు నుంచే మొదలు. ఇక్కడే చాలామంది "ఇంట్లో వింటుంది, బయట వినదు" అని ఫిర్యాదు చేస్తారు. కుక్కకు బయట అనేది వేరే పాఠం.

ఇది వచ్చాక దీని ఉపయోగాలు చూసి మీరే ఆశ్చర్యపోతారు. పశువుల ఆసుపత్రిలో తూకం మెషిన్ ఎక్కించాలంటే ఎత్తి పడేయక్కర్లేదు, అవతలి వైపు చేయి చూపితే చాలు. మంచం దిగమనడానికి, లిఫ్ట్‌లో ఎవరైనా ఎక్కితే మన కాలి పక్కకు రప్పించడానికి, వీధిలో వేరే కుక్క ఎదురైతే తల ఇటు తిప్పించడానికి, అన్నిటికీ ఇదే. గొలుసు గుంజే పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు బంతి

ముందు వస్తువు ఎంచుకోవడం. నోట్లో పూర్తిగా దూరిపోయే చిన్న బంతి వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. లాబ్రడార్‌కి పిల్లల ప్లాస్టిక్ బాల్ ఇవ్వడం అందుకే ప్రమాదం. టెన్నిస్ బాల్ విసిరి తెప్పించుకోవడానికి బాగుంటుంది గానీ గంటలు గంటలు నమలనిస్తే దాని పైనున్న నూగుకి దుమ్ము పట్టి గరుకుకాగితంలా పళ్లను అరగదీస్తుంది. కర్రపుల్లలు అసలే వద్దు, సినిమాల్లో బాగుంటాయి గానీ పరుగులో నోటికి గుచ్చుకుంటాయి. బంతి మీద మనసు లేని కుక్కలకు పాత సాక్సులో సాక్సు కుక్కి ముడేసింది, లేదా పాత టవల్ గుడ్డ జడలా అల్లింది బాగా నచ్చుతుంది. వీధి జాతి కుక్కలు చాలా వాటికి ఇలా మెత్తగా, నోట్లో పట్టుకుని ఊపడానికి వీలుగా ఉండేవే ఇష్టం.

నేర్పేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలి. విసరడం చిట్టచివరి పాఠం. మొదటి పాఠం వదలడం.

నేల మీద కూర్చుని బొమ్మను, అంటే మీరు ఎంచుకున్న బంతినో గుడ్డనో, కుక్క ముందు కాస్త కదిలించి, అది నోట పట్టగానే "యస్" అని ముక్కను ముక్కు దగ్గర పెట్టండి. ముక్క తినాలంటే నోరు తెరవాలి, బొమ్మ పడిపోతుంది. బొమ్మను మీరు తీసేసుకోకండి, వెంటనే తిరిగి దానికే ఇవ్వండి. ఈ తిరిగివ్వడమే ఇందులో కీలకం. వదిలితే ముక్కా వస్తుంది, బొమ్మా వస్తుంది అని తెలిశాక పట్టుకుని కూర్చోవాల్సిన అవసరమే దానికి ఉండదు. కొన్ని విడతలయ్యాక నోరు తెరవబోయే ముందు "వదులు" అనే మాట చేర్చండి, ముక్క చూపించడం మానేసి వదిలిన తర్వాత తీసి ఇవ్వండి.

బొమ్మను అసలు ముట్టుకోని కుక్క అయితే టచ్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. అరచేతిలో బొమ్మ పెట్టి చేయి చాపండి. ముక్కు బొమ్మకు తగిలితే "యస్". ఇది బాగా వచ్చాక ఉత్తినే తగిలిస్తే ఊరుకోండి, "యస్" అనకండి. "ఇదేంటి, డబ్బులు రాలేదు" అన్నట్టు అది కాస్త గట్టిగా పొడుస్తుంది, నాకుతుంది, ఏదో ఒకసారి నోరు తెరుస్తుంది. నోరు తెరిచినందుకు "యస్". తర్వాత పళ్లతో పట్టినందుకు, తర్వాత ఒక సెకను పట్టి ఉంచినందుకు. ఓపిక కావాలి గానీ, బంతి వైపు కన్నెత్తి చూడని కుక్కలు కూడా ఈ దారిలో నేర్చుకుంటాయి.

ఇప్పుడు రెండు పాఠాలనూ కలపాలి. బొమ్మ దాని నోట్లో ఉండగా, మీ అరచేతిని గడ్డం కిందికి దోసిలిలా పెట్టి "టచ్" అనండి. అది ముక్కు తెచ్చి చేతికి ఆనిస్తుంది, నోట్లో బొమ్మ ఉంది కాబట్టి బొమ్మే చేతికి తగులుతుంది. "యస్", వదులుతుంది, చేతిలో పడుతుంది. ముక్క ఇవ్వండి. మొదట్లో బొమ్మను కింద వదిలేసి ఖాళీ ముక్కుతో వచ్చి తగిలిస్తుంది, అప్పుడు ముక్క ఇవ్వకుండా బొమ్మను కాలితో కాస్త కదిలించి మళ్లీ పట్టించండి. బొమ్మ చేతిలో పడితేనే ముక్క అని దానికి తెలియడానికి ఎంతోసేపు పట్టదు.

తర్వాత బొమ్మను చేతికివ్వకుండా మీ మోకాళ్ల ముందు నేల మీద పెట్టండి. తీసుకుని చేతిలో వేయాలి. తర్వాత అడుగు దూరం. తర్వాత దొర్లించండి. ఇవన్నీ ఇంట్లో సన్నటి వరండాలోనో, రెండు గదుల మధ్య నడవలోనో చేయండి, తలుపులు మూసి. అక్కడ వెళ్లడానికి ఒకటే దారి, రావడానికీ ఒకటే దారి, దారిలో మీరు కూర్చుని ఉంటారు. హాలు మధ్యలో మొదలుపెడితే పారిపోవడానికి నాలుగు వైపులా చోటిచ్చినట్టే. గ్రానైట్, టైల్స్ మీద కాళ్లు జారతాయి, పరుగులో తిరగబోయి జారితే కీళ్లకు దెబ్బ, అందుకని పాత చాపో, దుప్పటో పరవండి.

ఇవన్నీ నడిచాక విసరండి. ముందు ఐదారు అడుగులే.

పారిపోతే, మధ్యలో వదిలేస్తే, గుర్రుమంటే

బంతి పట్టుకుని పారిపోతే వెంటపడకండి. ఎంత కోపమొచ్చినా సరే. మీరే వెనక్కి తిరిగి అవతలికి పరుగెత్తండి, చప్పట్లు కొట్టండి, వెంటపడే ఆట ఇష్టం కదా, అది మీ వెంటపడుతుంది. దగ్గరకొచ్చాక చేయి చాపి "టచ్". ఇది పనిచేయకపోతే ఒకేలా ఉండే రెండు బంతులు తీసుకోండి. ఒకటి దాని నోట్లో ఉన్నప్పుడు రెండోది మీ చేతిలో ఎగరేసి ఆడుకోండి, మీ చేతిలో ఉన్నదే గొప్పదన్నట్టు. అది వచ్చి నోట్లోది వదిలిన వెంటనే రెండోది విసరండి. బంతి పిచ్చి ఉన్న కుక్కలకు ముక్క కన్నా ఇదే పెద్ద బహుమతి. ఆ దశకొచ్చాక ట్రీట్ సంచి మర్చిపోయి వెళ్లినా ఇబ్బంది లేదు.

సగం దూరంలో వదిలేసి వస్తుంటే మీరు దూరం తొందరగా పెంచారన్నమాట. సగానికి తగ్గించండి. లేదా అలసిపోయింది, ఆపేయండి.

బొమ్మ దగ్గరకెళితే బిగుసుకుపోయి గుర్రుమంటుంటే మాత్రం ఇది ఆట విషయం కాదు. ఆ గుర్రు "ఇక్కడితో ఆగు" అని చెప్పడం. దానికి కొడితే గుర్రుమనడం మానేసి తిన్నగా కరవడం నేర్చుకుంటుంది. ఆ బొమ్మను కొన్నాళ్లు దాచేయండి, దూరం నుంచి మంచి ముక్కలు విసిరి మీరు దగ్గరకు రావడం లాభమే అనిపించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను దూరంగా ఉంచి అనుభవమున్న ట్రైనర్‌ని పిలవండి. బహుమతులతో నేర్పేవాళ్లనే. ముళ్ల గొలుసు తీసుకొచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే పంపించేయండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

పిల్ల కుక్కకు టీకాలు పూర్తయ్యేదాకా పార్కులు వద్దు, పార్వో అనే వైరస్ జబ్బు ప్రాణాల మీదికి తెస్తుంది. అప్పటిదాకా వరండానే మైదానం. మూడు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారుతుంటాయి, చిగుళ్లు నొప్పిగా ఉండి గట్టి బంతి పట్టనంటే బలవంతం చేయొద్దు. ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి కాబట్టి ఏడాది నిండేదాకా గాల్లోకి ఎగిరి పట్టించే ఆటలు, పెద్ద జాతులకైతే ఇంకొన్నాళ్లు కూడా, మానేయడం మంచిది. దొర్లించండి చాలు.

గోడలు లేని చోట పదిహేను ఇరవై అడుగుల తేలికైన తాడు కట్టండి, మెడపట్టీకి కాకుండా ఒంటికి వేసే హార్నెస్‌కి. తాడుతో గుంజడానికి కాదు, రోడ్డు మీదికి పోకుండా కాలితో తొక్కి పట్టడానికి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిట్టగోడ తక్కువ ఎత్తుంటే అక్కడ బంతి ఆట అసలు పెట్టుకోవద్దు, బంతి ఎగిరిందంటే దాని వెనకాలే ఇదీ దూకుతుంది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా. మార్చి దాటితే పొద్దున ఏడులోపు, సాయంత్రం నేల చల్లారాక మాత్రమే. అరచేతి వెనక భాగాన్ని సిమెంటు మీదో తారు మీదో ఐదు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి ఒళ్లు చల్లబరుచుకునే శక్తే తక్కువ, వాటికి నాలుగైదు విసుర్లు చాలు, చలి ప్రాంతాల జాతి హస్కీని విజయవాడలో పెంచుతున్నవాళ్లు ఏసీ గదిలోనే ఆడించుకోవాలి, ఇంకేం చెప్పను. నాలుక బాగా బయటికి వచ్చి వెడల్పై, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలుతుంటే అది వడదెబ్బ: నీడలోకి తెచ్చి మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగిలేలా చేసి వెంటనే డాక్టర్ దగ్గరకు. కడుపు నిండా తిన్న గంటలోపు పరుగులు వద్దు, పెద్ద జాతులకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

బంతి పిచ్చి కుక్కలు వాటంతట అవి ఆపవు, కాలు నొప్పెడుతున్నా పరుగెత్తుతూనే ఉంటాయి, కాబట్టి ఆపే బాధ్యత మీదే. ఇంకా కావాలన్నట్టు చూస్తుండగానే ఆపండి. చివరిసారి తెచ్చినప్పుడు "అయిపోయింది" అని ఏదో ఒక మాట రోజూ అదే అనండి, రెండు మూడు ముక్కలు గడ్డిలో చల్లండి, అది వెతుక్కుంటున్నప్పుడు బంతి సంచిలో పెట్టేయండి. ఇంటికొచ్చాక బంతిని ఇంట్లో దొర్లుతూ వదిలేయకుండా అలమరలో పెట్టండి, రోజంతా దొరికే బంతికి రెండో వారానికే విలువ పోతుంది.